తల్లి కుందేళ్లకు మల్బరీ, మునగ, సుబాబుల్: వాడాక తేలింది

మాది హిందూపురం వైపు. చుట్టూ పట్టు రైతులే, మల్బరీ ఆకుకు కొదవ లేదు. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతుల తల్లి కుందేళ్లకు పెల్లెట్ (గుళికల దాణా) కొంత తగ్గించి, ఆకు మేతలు వాడుతూ కొన్నేళ్లయింది. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

నా ఓటు మల్బరీకే. వేయడమే ఆలస్యం, కాడతో సహా నమిలేస్తాయి. తేమ తీసేసి లెక్కిస్తే మాంసకృత్తులు దాదాపు 15 నుంచి 25 శాతం. పాలిచ్చే తల్లికి మేతలో 16–18 శాతం కావాలి కాబట్టి లేతాకైతే ఆ లోటు రాదు. కోసిన వెంటనే మాత్రం వేయను. నీడన పరిచి, వాడిన తర్వాతే బోనులోకి. తడి ఆకు పెడితే కడుపుబ్బరం, పారుడు. ఇంకో మాట, పట్టు షెడ్డులో పురుగుల పడక మీద మిగిలిన కొమ్మలు ఊరికే ఇస్తామన్నా తేవద్దు. వాటి మీద సున్నం, మందు పొడి చల్లి ఉంటారు. ఆకు తోటలోనే అడిగి కోసుకోండి, మందు కొట్టి ఎన్నాళ్లయిందో కూడా కనుక్కోండి.

మునగాకు బలమైనదే గానీ, మావి మొదట ముఖం తిప్పుకున్నాయి. ఎండబెట్టి నలిపి, తవుడులో కలిపి, కాస్త నీళ్లు చిలకరించి ఇస్తే తింటున్నాయి. ఈ రెండు ఆకుల్లోనూ కాల్షియం ఎక్కువ. కుందేలు ఒంట్లోకి మోతాదుకు మించి చేరిన కాల్షియం మూత్రంలోనే పోతుంది. అందుకే బోను కింద ట్రేలో సున్నపు నీళ్లలా తెల్లగా పేరుకుంటుంది. చూడగానే టెన్షన్ పడక్కర్లేదు. ఇసుకలా చిక్కబడితే మాత్రం ఆకు తగ్గించాలి. తాగే నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

సుబాబుల్ చూడి కుందేళ్లకు వద్దేవద్దు. అందులోని మైమోసిన్ అనే విష పదార్థం వల్ల వెంట్రుకలు ఊడతాయి, చూలు నిలవడమూ కష్టమే. వేరుశనగ చెక్క మా దగ్గర సులువుగా దొరుకుతుంది కానీ, వానాకాలంలో బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం. ఆ నెలల్లో కొనను.

ఇక ఖర్చు. చూలు లేని తల్లులకు, మగవాటికి ఆకు పెంచితే పెల్లెట్ బిల్లు బాగానే తగ్గుతుంది. పాలిచ్చే తల్లి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈనిన మూడో వారానికి పాలు బాగా పెరుగుతాయి. పచ్చి ఆకులో మూడొంతుల దాకా నీళ్లే, పొట్ట నిండుతుంది గానీ శక్తి చాలదు. చిక్కిపోయిన తల్లిని మళ్లీ మగదాని బోనులో వదిలితే మూలకు నక్కి కూర్చుంటుంది, జతకు ఒప్పుకోదు. పెల్లెట్‌లో మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. అందుకే ఈనిన రోజు నుంచి పిల్లల్ని వేరు చేసేదాకా పెల్లెట్ తగ్గించను, ఆకు అదనమే.

ఎండాకాలంలో బోర్లు తగ్గి మల్బరీ దొరకడం కష్టం. దానికని గట్ల మీద దశరథ గడ్డి (పప్పుజాతి పశుగ్రాసం) వేశాను. మల్బరీ అంత ఇష్టంగా తినవు గానీ, కోసిన కొద్దీ చిగురిస్తోంది.