బెంగళూరు స్కేట్ పార్కుకు సాయంత్రం వెళ్లకండి

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ పిల్ల మోమిజి నిషియా 13 ఏళ్లకే స్కేట్‌బోర్డింగ్‌లో (నాలుగు చక్రాల పలక మీద నిలబడి జారే ఆట) స్వర్ణం గెలిచింది. ఆ వీడియో చూసిన దగ్గర్నుంచి మా అమ్మాయికి అదే ధ్యాస. అనంతపురంలో ఇంటి మిద్దె తప్ప నున్నటి నేల ఎక్కడుంది? పరీక్షలు అవగానే బెంగళూరు స్కేట్ పార్కుకు తీసుకెళ్తానని మాటిచ్చాను.

ప్రయాణం బాగానే సాగింది. మెజెస్టిక్ బస్టాండు దగ్గర లాడ్జి రూము 1,400, వేణ్ణీళ్లు వచ్చాయి, చాలు.

సాయంత్రం నాలుగున్నరకు 320 రూపాయల ఆటోలో పార్కుకు చేరాం. గేటు దగ్గర బోర్డు మీద స్పష్టంగా రాసుంది: ప్రవేశం ఉచితం, పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7. హెల్మెట్ తప్పనిసరి. నేల తడిగా ఉంటే ఆడకూడదు. బౌల్‌లోకి, అంటే గిన్నెలా కట్టిన నున్నటి గుంతలోకి, ఒకసారి ఒక్కరే దిగాలి. ఇవన్నీ మంచి నియమాలే. హెల్మెట్ మేం తీసుకెళ్లలేదు, అద్దెకు 100 అడిగారు. లోపలి స్పాంజి పొడి పొడిగా రాలుతోంది, చెమట కంపు. పైగా 500 డిపాజిట్టు.

సరే అని కట్టి లోపలికెళ్తే, పార్కంతా ఒక కోచింగ్ క్లాసు పిల్లలే. పదిహేను నిమిషాలు కూడా కాలేదు, వాళ్ల కోచ్ వచ్చి "మా బ్యాచ్ టైము, పక్కకు జరగండి" అన్నాడు. మా ఆయనకు కన్నడ బాగా వచ్చు. బోర్డు చూపించి అడిగితే గేటు మనిషి మొహం తిప్పుకున్నాడు. అందరి కోసం కట్టిన చోట నెల ఫీజు కట్టినవాళ్లకే హక్కా? పిల్ల స్కేట్‌బోర్డు ఒళ్లో పెట్టుకుని ఏడింటి దాకా మెట్ల మీదే కూర్చుంది. లాడ్జికి వచ్చాక అన్నం కూడా సరిగ్గా తినలేదు. "రేపు పొద్దున బస్సుకే పోదాం" అన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు.

మర్నాడు ఆరింటికే వెళ్లాం. అక్కడ నలుగురే కుర్రాళ్లు, చీపురుతో బౌల్ ఊడుస్తున్నారు. చిన్న గులకరాయి చక్రం కింద పడినా బోర్డు టక్కున ఆగిపోయి మనిషి ముందుకు ఎగిరి పడతాడట. అందులో ఒకడిది హిందూపురం. మా మాటలు విని "అక్కా, పాపను నేను చూసుకుంటా" అన్నాడు. ముందు చిన్న వాలు మీద, తర్వాత మూడడుగుల క్వార్టర్ పైప్ (వంపు తిరిగి పైకి లేచే వాలు) మీద నేర్పాడు. అంచున ఇనుప గొట్టం ఉంటుంది, దాన్ని కోపింగ్ అంటారు. బోర్డు తోక పై గట్టు మీద ఉంచి, వెనక చక్రాలు కోపింగ్‌కు వాలు వైపున ఆనించి, ముందు కాలితో గట్టిగా తొక్కి, ఒళ్లంతా ముందుకు వేయాలి. భయపడి వెనక్కి వాలామా, బోర్డు ముందుకు జారిపోయి వెల్లకిలా పడతాం. మా పిల్ల ఆరుసార్లు అలాగే పడింది. ఏడోసారి దిగింది! మా ఆయన చప్పట్లు పార్కంతా వినిపించాయి.

ఈ బౌల్ ఆకారం ఎలా పుట్టిందో కూడా ఆ అబ్బాయే చెప్పాడు. 1970లలో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఈత కొలనులు ఎండిపోతే, కుర్రాళ్లు వాటిలోకి దిగి స్కేటింగ్ చేశారట. కరువు సీమ వాళ్లం కదా, ఆ మాట మనసుకు పట్టేసింది.

తొమ్మిదింటికి బయటికొచ్చి పక్క వీధిలో తట్టె ఇడ్లీలు తిన్నాం, ముగ్గురికీ 150. ఆ అబ్బాయిని ఎంత పిలిచినా రాలేదు, డబ్బు అసలు ముట్టలేదు.

వెళ్లేవాళ్లు హెల్మెట్, మోకాలి ప్యాడ్లు సొంతవి తీసుకెళ్లండి. వాన పడిన పూట వెళ్లకండి. సాయంత్రం అస్సలు వద్దు.

బస్సెక్కే ముందు మళ్లీ పార్కుకు వెళ్లి, కోచింగ్ వేళలు ఏవో బోర్డు మీద రాయండి, మిగతా వేళ అందరికీ వదలండి అని కాగితం రాసి గేటు మనిషి చేతికిచ్చాను. కింద మా అమ్మాయి కూడా సంతకం పెట్టింది.