జాగ్రత్త: శాంపిల్‌లో వచ్చిన కాగితం వేరు, కట్టలో వచ్చిన కాగితం వేరు

చేత్తో జర్నల్స్, అంటే రాసుకునే పుస్తకాలు, కుట్టి అమ్ముకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఫోన్‌లో ఫోటోలు చూసి, శాంపిల్ తెప్పించుకుని, నచ్చిందని మొత్తం డబ్బు కట్టేసి కాగితం కొనేవాళ్ళ కోసం. నేనూ అలాగే కొన్నాను. 12,800 రూపాయలు పోయాయి. అంతకంటే బాధ ఏంటంటే ఆ కాగితంతో కుట్టిన తొమ్మిది జర్నల్స్ నా చేతి మీదుగానే కొన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోయాయి. వాళ్ళ సంగతి చివర్లో రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

నాది విజయవాడ. నాలుగేళ్ళుగా ఇంట్లోనే జర్నల్స్ కుడుతున్నాను. ఫారాలు (కలిపి కుట్టే మడత కాగితాల కట్టలు) మడవడం, కుట్టడం గవర్నరుపేటలో లెడ్జర్లు బైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. అట్టల మీద వేసే కలంకారీ గుడ్డ పెడన వెళ్ళి తెచ్చుకుంటాను. బస్సెక్కి వెళ్ళి, గుడ్డ చేత్తో పట్టుకుని, తిరగేసి వెనకవైపు రంగు ఎంత దిగిందో చూసి, తడి వేలితో రుద్ది మరీ కొంటాను. గుడ్డ దగ్గర అంత జాగ్రత్తపడే మనిషిని కాగితం దగ్గర ఎందుకు పడలేదో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.

జరిగింది చెబుతాను. తెలిసిన అక్క ఒకావిడ వాళ్ళ నాన్నగారి షష్టిపూర్తికి రిటర్న్ గిఫ్టుగా 60 జర్నల్స్ అడిగారు. ఏ5 సైజు, ఒక్కోటి 96 పేజీలు, కలంకారీ అట్ట. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. నాన్నగారు ఇప్పటికీ రాజమండ్రి రత్నం పెన్నుతోనే రాస్తారట, ఇంకు పాకకూడదు, వెనక పేజీలోకి దిగకూడదు. సరేనన్నాను. దానికి 150 జీఎస్ఎం కాటన్ కాగితం కావాలి. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 22 బై 30 అంగుళాల పెద్ద షీట్ ఒకటి కోస్తే నాలుగు ఏ4 ముక్కలు వస్తాయి, వాటిని మడిస్తే 16 పేజీల ఫారం ఒకటి అవుతుంది. జర్నల్‌కి ఆరు ఫారాలు. అంటే 360 షీట్లు, తరుగుతో కలిపి 400.

నేను ఎప్పుడూ కొనే చోట అప్పుడు స్టాక్ లేదు. ఇన్‌స్టాలో ఒకతను కనిపించాడు. పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి. సంగానేర్ కాగితం అని చెప్పుకున్నాడు. జైపూర్ పక్కనున్న సంగానేర్‌లో కాగజీ కుటుంబాలు తరతరాలుగా చేత్తో కాగితం చేస్తున్నాయి, వాళ్ళ పని నాకు తెలుసు, వాళ్ళంటే గౌరవం. ఇతను ఆ ఊరి పేరు వాడుకున్నాడు, అంతే. దీన్ని చదివి సంగానేర్ కాగితమే మంచిది కాదని మాత్రం అనుకోకండి.

శాంపిల్‌గా ఐదు షీట్లు పంపాడు. చాలా బాగున్నాయి. చేత్తో ఊపితే గలగలమని చప్పుడొచ్చింది. బైండింగ్ పెద్దాయన నాకు మొదట నేర్పింది అదే, కాగితాన్ని చెవి దగ్గర ఊపి వినమని. సైజింగ్ సరిగ్గా పట్టిన కాగితం గలగలలాడుతుంది, పట్టనిది పాత గుడ్డలా మెత్తగా ఊగుతుంది. సైజింగ్ అంటే ఇంకు పీల్చుకోకుండా కాగితానికి పట్టించే జిగురు లాంటిది. ఇంకు పెన్నుతో రాసి చూశాను, గీత గీతలాగే నిలిచింది. షీట్ 32 రూపాయలన్నాడు. సగం ముందు, మిగతా సగం పార్సిల్ కట్టాక అన్నాడు, ఒప్పుకున్నాను.

బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం మేడమ్, మన మధ్య బిల్లెందుకు" అన్నాడు. నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని ఊరుకున్నాను. ఇది పూర్తిగా నా తప్పు. ఇంకోటి, యూపీఐలో డబ్బు వేసేటప్పుడు షాపు పేరు కాకుండా వేరే ఎవరిదో మనిషి పేరు వచ్చింది. "మా బావగారి అకౌంట్" అన్నాడు. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

వారం తర్వాత ఆటోనగర్ దగ్గర పార్సిల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆటోలో ఇంటికి తెచ్చాను. కట్ట విప్పి పైన పది షీట్లు తీసి చూశాను. అచ్చం శాంపిల్ లాగే ఉన్నాయి. మనసు కుదుటపడింది, పని మొదలుపెట్టేశాను. పైన ఓ 40 షీట్లు మాత్రమే అసలైనవని, కింద 360 వేరే సరుకని నాకు తెలియడానికి ఐదు రోజులు పట్టింది. మామిడికాయల బుట్టలో పైవరస మంచి కాయలు పేర్చి కింద మచ్చకాయలు పెడతారు చూడండి, అదే పని.

రంగు ఒకటే, అంచులు ఒకేలా గరుగ్గా ఉన్నాయి, చూడ్డానికి ఏ తేడా లేదు. మొదటి ఆరు జర్నల్స్ బాగా వచ్చాయి. తర్వాత విడిగా వచ్చిన ఆర్డర్లు అర్జెంటుగా ఉంటే తొమ్మిది కుట్టి పంపేశాను. వాటిని కుడుతుంటే దారం బిగువుగా నిలవడం లేదనిపించింది. రాత్రి పదకొండు దాటాక కుడుతున్నాను, చెయ్యి అలసిపోయింది, అందుకే అనుకున్నాను. పదోది కుట్టేటప్పుడు మైనం దారం కాస్త బిగించి లాగానో లేదో, కన్నం దగ్గర మడత పొడవునా పర్రున చిరిగింది. ఇంకో ఫారం తీసి మడత మీద వేలు పెట్టి చూస్తే సన్నగా బీట కనిపించింది. కాటన్ కాగితం అలా మడతలో పగలదు. చింపి చూస్తే నూగులాగా పొడుగు పోగులు లేచి రావాలి, ఇది మామూలు కాగితం లాగా తెగిపోయింది.

అప్పుడు ఇంకు పెన్ను తీశాను. కొత్త కాగితం మీద మొదట శ్రీరామ అని రాయడం నాకు అలవాటు. రాశాను. తర్వాత ఠ రాశాను. ఠ లోపల చుక్క ఉంటుంది కదా, ఆ చుక్క, సున్నా కలిసిపోయి నల్లటి ముద్ద అయింది. గీతల అంచులు ఈకల్లా పాకాయి. తిరగేస్తే శ్రీరామ అద్దంలో చూసినట్టు వెనకవైపు కనిపిస్తోంది. అర్ధరాత్రి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. అప్పటికే 120 షీట్లు కోసేశాను. ఫంక్షన్ ఇంకా పన్నెండు రోజులే ఉంది.

తెల్లారాక చేసిన పని, మొదటి రోజే చేయాల్సిన పని, తూకం వేయడం. ఇది మీ అందరికీ పనికొస్తుంది. ఏ4 కాగితాలు 16 కలిపితే సరిగ్గా ఒక చదరపు మీటరు అవుతుంది. అందుకని 16 ఏ4 ముక్కలు వంటింటి త్రాసు మీద పెడితే ఎన్ని గ్రాములు చూపిస్తే అది అన్ని జీఎస్ఎం. లెక్కలేం అక్కర్లేదు. నా త్రాసు 150 చూపించాల్సింది 109 చూపించింది. పైన వచ్చిన మంచి షీట్ల నుంచి మిగిలిన ముక్కలు పెడితే 148.

అప్పుడు పార్సిల్ రసీదు వెతికాను. 22 బై 30 షీట్ 150 జీఎస్ఎం అయితే ఒక్కోటి 64 గ్రాములు తూగాలి, 400 షీట్లంటే ఇరవై అయిదున్నర కిలోలు. రసీదు మీద ప్యాకింగ్‌తో కలిపి 20 కిలోల 400 గ్రాములు అని ఉంది. ఆ రసీదు ఐదు రోజులుగా నా బల్ల సొరుగులోనే ఉంది! పార్సిల్ ఆఫీసులో నిలబడే మోసం పట్టుకుని ఉండొచ్చు. ఇకమీదట కాగితం పార్సిల్ ఏది వచ్చినా ముందు రసీదు మీద బరువు చూడండి. కట్ట విప్పేటప్పుడు ఎవరినైనా వీడియో తీయమనండి, పై షీట్లతో సరిపెట్టకుండా మధ్యలోంచీ అడుగునుంచీ కూడా లాగి, మూడు చోట్ల షీట్ల మీద ఇంకుతో రాసి చూడండి. అది అయ్యేదాకా కత్తెర ముట్టుకోకండి. కోసిన కాగితం వెనక్కి తీసుకోనని అతను గట్టిగా అనగలిగింది నేను తొందరపడి కోసేయడం వల్లే.

కరెన్సీ నోట్లు చూసే యూవీ లైటు వేసి చూడమని కొందరు చెబుతారు, నీలంగా మెరిస్తే కాటన్ కాదని. దాన్ని నమ్ముకోకండి. చేత్తో చేసే కాటన్ కాగితం ఎక్కువగా బనియన్ గుడ్డ కత్తిరింపుల నుంచే తయారవుతుంది. ఆ గుడ్డకి తెల్లదనం కోసం ముందే వేసిన రసాయనం వల్ల అసలు కాటన్ కాగితం కూడా మెరవొచ్చు.

అతనికి ఫోటోలు, త్రాసు వీడియో పంపాను. "హ్యాండ్‌మేడ్ అంటే షీట్‌కీ షీట్‌కీ తేడా ఉంటుంది మేడమ్, మీకు తెలియనిదేముంది" అని జవాబు. తేడా ఉంటుంది, నిజమే. ఒక షీట్ రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. మూడొందల అరవై షీట్లూ కలిసికట్టుగా పావు వంతు పైగా తగ్గవు. ఆ మాట రాశాక నన్ను బ్లాక్ చేశాడు.

మూడు రోజులకి కొత్త నంబర్ నుంచి ఫోన్. హిందీలో ఎవరో, చాలా మర్యాదగా, రిఫండ్ వచ్చింది, క్యూఆర్ పంపిస్తున్నాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నారు. ఆ టెన్షన్‌లో నిజంగా స్కాన్ చేశాను. పిన్ అడిగే స్క్రీన్ వచ్చాక, మా పక్కింటి అమ్మాయి, నాకు కాగితం మడవడంలో సాయం చేసే పిల్ల, "ఆంటీ, డబ్బు రావడానికి పిన్ ఎందుకు?" అంది. ఆ ఒక్క మాట లేకపోతే ఇంకో పన్నెండు వేలు పోయేవి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కొడతాం, రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున కొట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయాలి.

ఫిర్యాదు సంగతి. చాలామంది చెప్పారు, "నువ్వు అమ్మడానికి కొన్నావు, నువ్వు వినియోగదారువి కావు, నీ కేసు నిలవదు" అని. అది సరి కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం కొని వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే. నాలాగా ఇంట్లో కూర్చుని సొంత చేతులతో కుట్టుకునేవాళ్ళకి ఇది పెద్ద ఆసరా. ముందు వినియోగదారుల కోసం ఉన్న 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి నమోదు చేయించాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు కాబట్టి ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. బిల్లు లేకపోవడం వల్ల నాకు పని పెరిగింది. వాట్సాప్ మాటలు, యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, పార్సిల్ రసీదు, తూకం వీడియో అన్నీ ప్రింట్లు తీసి పెట్టాల్సి వచ్చింది. బిల్లు తీసుకోండి. దాని మీద జీఎస్టీ నంబర్ ఉంటే డబ్బు వేయకముందే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో, నడుస్తోందో రద్దయిందో అక్కడే కనిపిస్తుంది.

షష్టిపూర్తి గురించి అడుగుతారేమో. తెలిసినవాళ్ళ దగ్గర 250 షీట్లు దొరికాయి, ఎక్కువ ధరకి. ఆ రోజుకి 40 జర్నల్స్ ఇవ్వగలిగాను, మిగతా 20 రెండు వారాలకి. ఆ అక్క ఒక్క రూపాయి తగ్గించలేదు, ఒక్క మాట అనలేదు. నాన్నగారు మొదటి పేజీలో రాసిన ఫోటో పంపారు, అక్షరం అక్షరంగా నిలబడి ఉంది. అది చూసి ఏడుపొచ్చింది.

ఇక ఆ తొమ్మిది జర్నల్స్. నేను కుట్టిన ప్రతిదానికీ వెనక అట్ట లోపల, కింది మూలన పెన్సిల్‌తో నంబర్ వేస్తాను. పాడు కాగితంతో వెళ్ళినవి 212 నుంచి 220 వరకు. పసుపు కలంకారీ మీద నెమళ్ళున్న అట్ట. ఐదుగురు మాట్లాడారు, వాళ్ళకి కొత్తవి పంపేశాను. 214, 215, 217, 219 ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు ఇంకా నా మెసేజ్‌కి జవాబివ్వలేదు. బహుమతిగా వేరే ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ళకి చెప్పండి. కొత్తది నా ఖర్చుతో పంపుతాను. పాతది వెనక్కి పంపక్కర్లేదు, అందులో ఇప్పటికే రాసుకున్న పేజీలు మీవి.