పిచ్చుకలకు గింజలు కొంటున్నారా? గులాబీ రంగు గింజ కనిపిస్తే వేయకండి

గుంటూరులో డాబాల మీద, బాల్కనీల్లో పిట్టలకు మేత పెట్టేవాళ్లు దయచేసి ఇది చదవండి.

ఊళ్లో ఒక కొట్టులో "పక్షుల మేత" అంటే కిలో ప్యాకెట్ కొన్నాను. దాని మీద కంపెనీ పేరు లేదు, తేదీ లేదు. ఇంట్లో చాటలో పోస్తే సజ్జలు, కొర్రల మధ్య గులాబీ రంగు పట్టించిన జొన్నలు, మొక్కజొన్న గింజలు బోలెడు కనిపించాయి. వేళ్లకు రంగు అంటింది. నీళ్లలో వేస్తే గ్లాసంతా గులాబీగా మారి, పురుగుమందు వాసన కొట్టింది. కొట్టుకు తీసుకెళ్తే "రంగుంటే పిట్టలు బాగా వాల్తాయండీ" అన్నాడు. డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.

అది విత్తనశుద్ధి చేసిన విత్తనమండీ. మన జిల్లాలో ఏ రైతునడిగినా చూడగానే చెప్పేస్తాడు. భూమిలో తెగుళ్లు, పురుగులు పట్టకుండా థైరమ్, కాప్టాన్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పట్టిస్తారు. ఇది తినే గింజ కాదని తెలియడానికే రంగు కలుపుతారు. అసలు సంచి మీద తిండికి, దాణాకు, నూనెకు వాడకూడదని రాసి ఉంటుంది. సంచి విప్పి చిన్న ప్యాకెట్లుగా కడితే ఆ మాట ఎవరి కంటా పడదు. అదును దాటి మిగిలిపోయిన విత్తనమే ఇలా వస్తోందని నా అనుమానం.

ఇమిడాక్లోప్రిడ్ రకం మందు పట్టించిన మొక్కజొన్న గింజ ఒక్కటి చాలు, చిన్న పిట్ట ప్రాణం పోవడానికి. అమెరికాలో పక్షుల నిపుణులు 2013లోనే ఈ మాట చెప్పారు. థైరమ్ కలిసిన దాణా తింటే కోళ్లు తోలుగుడ్లు పెడతాయి, కోడిపిల్లలకు కాళ్లు వంకర్లు పోతాయి. పిచ్చుక మన వాకిట్లోనే పడిపోదు కదా, ఎక్కడో చెట్ల కింద రాలిపోతుంది. మేత పెట్టినవాళ్లకు ఆ సంగతే తెలియదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

కడిగి వేద్దామని మాత్రం అనుకోకండి. రంగు పోయినా మందు పూర్తిగా పోదు. చెత్తకుప్పలోనూ వేయకండి, కోళ్లు, ఆవులు తింటాయి. నీటి గుంటలకు దూరంగా లోతుగా పాతిపెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

మేతకు వేరే ప్యాకెట్లే అక్కర్లేదు. మనం వండుకునే నూకలు, కొర్రలు, సజ్జలు కిరాణా కొట్టులో కొనండి. కోతల రోజుల్లో తెలిసిన రైతునడిగితే వరి కంకులిస్తారు, కుచ్చు కట్టి చూరుకు వేలాడదీస్తే పిచ్చుకలు వాటంతటవే వస్తాయి. వేరుశనగలు వేస్తే బూజు, ముక్కిన వాసన లేనివే వేయండి. బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా పక్షుల్ని చంపుతుంది, వేయించినా పూర్తిగా పోదు.

ఇలాంటి ప్యాకెట్ మీకూ వస్తే బిల్లు, ఫొటో, గుప్పెడు గింజలు దాచి ఉంచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, మీ దగ్గర్లోని వ్యవసాయ అధికారికి కూడా చూపించండి. నేను రెండూ చేస్తున్నాను.