ఎనిమిది శనివారాల వాక్య తరగతి: నమ్మిక గురించి నేర్పినదీ, దాటవేసినదీ

పాలకొల్లు దగ్గర ఒక మందిరంలో ‘దేవునియందు నమ్మిక’ అనే అంశం మీద ఎనిమిది శనివారాలు నడిచిన వాక్య తరగతికి ఒక్క వారం మినహా అన్ని వారాలూ హాజరయ్యాను. సమయం సాయంత్రం ఆరున్నర నుండి ఎనిమిదిన్నర వరకు. రుసుము ఏమీ లేదు. బైబిలు, నోటుపుస్తకం మాత్రం మనమే తీసుకువెళ్లాలి. ఏ సంఘం వారైనా రావచ్చునని ముందే చెప్పడంతో లూథరన్, బాప్తిస్టు, పెంతెకొస్తు కుటుంబాల వారు కూడా వచ్చారు. కొన్ని లోపాలు కూడా రాయవలసి ఉన్నందున ఆ మందిరం పేరు ఇక్కడ రాయడం లేదు.

నేను వెళ్లడానికి కారణం రొయ్యల చెరువు. వరుసగా రెండు పంటలు వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరసు తెగులుకు పోయాక, చిన్ననాటి నుండి ఆదివారం ఆరాధన మానని నాకు రాత్రిపూట ప్రార్థనకు నోరు రావడం మానేసింది. ‘విశ్వాసం పెంచుకోండి’ అని చెప్పినవారు చాలామందే ఉన్నారు గానీ, అది ఎలా పెరుగుతుందో చెప్పినవారు లేరు.

బోధించినది ఒక విశ్రాంత తెలుగు మాస్టారు. ఈ తరగతికి ఉన్న బలమంతా, నా అభిప్రాయంలో, ఆయన మాటలను పట్టి చదివే తీరులోనే ఉంది. మొదటి రెండు వారాలూ ఆయన కేవలం క్రియాపదాల మీదనే గడిపారు. 118వ కీర్తన 8వ వచనంలో ‘మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు’ అని ఉంది కదా, ఒకే వాక్యంలో రెండు వేర్వేరు క్రియలు ఎందుకు వాడారని అడిగారు. హెబ్రీ మూలంలో కూడా అక్కడ రెండు వేర్వేరు మాటలే ఉన్నాయని, ఒకటి బరువు మోపడమైతే రెండవది తుపాను వేళ గట్టి గోడల చాటుకు చేరడం వంటిదని వివరించారు. ఆ తరువాత యెషయా 26వ అధ్యాయంలోని ‘ఆనుకొను’ అనే మాటను చూపించి, గోడకు ఆనుకున్నవాడు గోడ గురించి ఆలోచించడని, ఆనుకోవడం అలవాటైన కొద్దీ ఒళ్లు వదులవుతుందని చెప్పారు. నమ్మిక అంటే గుండెలో బలవంతంగా పుట్టించుకోవలసిన ఉద్వేగమని ఇన్నేళ్లూ అనుకున్న నాకు, అది చేయవలసిన పని అని, పదేపదే చేస్తే వచ్చే అలవాటు అని అప్పుడే తెలిసింది.

మూడవ వారం నుండి ఒక అభ్యాసం ఇచ్చారు. రోజూ పడుకునే ముందు, ఆ రోజు దేనికి భయపడ్డామో, భయం కలిగిన వెంటనే మొదట ఎవరి దగ్గరకు వెళ్లామో రెండు వరుసల్లో రాయాలి. అంతకు మించి ఏమీ రాయకూడదు. చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంది గానీ, పది రోజుల తరువాత నా నోటుపుస్తకం చదువుకుంటే మొదటి ఆరు రోజులూ ‘మేత డీలరుకు ఫోన్ చేశాను’ అనే ఉంది. డీలరుకు ఫోన్ చేయడం తప్పేమీ కాదని మాస్టారే అన్నారు. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటరు ఆగిపోతే మోకరించే ముందు జనరేటరు వేయాలని కూడా అన్నారు. షుగరు బిళ్లలు వేసుకోవడం అవిశ్వాసమా అని ఒక పెద్దావిడ అడిగినప్పుడు, కాదమ్మా, వేళకు వేసుకోండి అని ఒక్క మాటలో తేల్చేశారు. ఈ స్పష్టత అన్ని చోట్లా దొరకదు.

నాలుగవ వారం మన ప్రాంతపు చరిత్రకు కేటాయించారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుండి మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నరసాపురంలో స్థిరపడి, ఏ మిషనరీ సంఘం నుండీ జీతం లేకుండా, అవసరాలకు దేవుని మీదనే ఆధారపడి పని చేసిన సంగతి మా ఇళ్లలో అందరూ విన్నదే. కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టిన 1847కు దశాబ్దం ముందు మాట అది. ఈ పాఠం బాగానే ఉన్నా సగం సమయం పొగడ్తకే పోయింది. జీతం లేని ఆ ఏళ్లలో వారు ఎంత భయపడి ఉంటారన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. మాకు కావలసింది అదే.

అన్నింటిలోకీ మంచి తరగతి ఆరవది, అదీ ఒక ఆటంకం వల్ల మంచిదయింది. కాలువకు నీరు వదలక ముందే నారుమడి సిద్ధం చేసుకునే రైతుతో విశ్వాసిని పోల్చి మాస్టారు చక్కగా చెప్పుకుపోతుండగా, వెనుక వరుసలో ఉన్న ఒక శివారు రైతు, అంటే కాలువ చివరి పొలాల రైతు, లేచి, దాళ్వాలో (రెండవ పంటలో) మా చేలకు నీరు రాకుండానే వంతు అయిపోయిన ఏళ్లు ఉన్నాయండీ, అప్పుడు ఈ పోలిక ఏమవుతుంది అని అడిగాడు. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. పోలిక సరిపోలేదని ఒప్పుకొని, బైబిలు తెరచి, హబక్కూకు మూడవ అధ్యాయంలో అంజూరపు చెట్లనూ ద్రాక్షచెట్లనూ వదిలేసి ‘చేనిలోని పైరు పంటకు రాకపోయినను’ అన్న మాట దగ్గర ఆగారు. కోత ముందు తుపానుకు పడిపోయిన వరిచేను చూడనివారు ఆ గదిలో ఎవరూ ఉండరు. తరువాత 13వ కీర్తన చదివించి, ఆరు వచనాల్లో మొదటి నాలుగూ ఫిర్యాదూ మొరే అని, నమ్మిక మాట అయిదవ వచనంలో గానీ రాలేదని చూపించారు. నిర్వాహకులు ఆ సంభాషణను ఏడవ వారం కూడా కొనసాగించి ఉంటే బాగుండేది; ముందే అచ్చు వేసిన ప్రణాళిక ప్రకారం వేరే పాఠానికి వెళ్లిపోయారు. జవాబు రాని ప్రార్థనల గురించి ఈ తరగతి చెప్పినది ఆ ఇరవై నిమిషాలే. ఇది నాకు పెద్ద లోటుగా అనిపించింది.

చిన్న లోపాలు కొన్ని ఉన్నాయి. పాటలు తరచుగా అరగంట దాటేవి. జిరాక్సు కాగితాల్లో అక్షరాలు మసకగా ఉండి పెద్దవారు చదవలేకపోయారు. నలభై మంది లేని గదిలో మైకు అవసరమే లేదు, పైగా ప్రతిధ్వని.

నా వరకు చెప్పాలంటే, చెరువు ఇంకా ఎండగట్టే ఉంది, అప్పు తీరలేదు. నోటుపుస్తకం మాత్రం మానలేదు. మొన్నటి మంగళవారం రెండవ వరుసలో మొదటిసారిగా ‘ప్రార్థించాను, తరువాత డీలరుకు ఫోన్ చేశాను’ అని రాసుకున్నాను.

తరువాతి విడత సార్వా (మొదటి పంట) కోతలు అయ్యాక మొదలవుతుందని చెప్పారు. వెళ్లదలచినవారు పెద్ద అక్షరాల బైబిలు తీసుకువెళ్లి, స్పీకరుకు దూరంగా, వీలైతే ఆ శివారు రైతు కూర్చునే వెనుక వరుసలో కూర్చోవడం మంచిది.