తిరుపతిలో జంతు ప్రవర్తన శిక్షణ: శనివారం నేర్చుకున్నది, ఆదివారం మిగిలిపోయినది

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్న నేను, గత నెలలో ఒక స్వచ్ఛంద బృందం తిరుపతిలో నిర్వహించిన రెండు రోజుల జంతు ప్రవర్తన అధ్యయన శిక్షణకు హాజరయ్యాను. భోజనంతో కలిపి రుసుము రూ. 1,200.

శనివారం ఉదయం మమ్మల్ని కపిలతీర్థం దగ్గర కోతుల గుంపుకు కొంత దూరంలో కూర్చోబెట్టి, చూసినదంతా రాయమన్నారు. నేను "పెద్ద కోతికి కోపం వచ్చి పిల్లకోతిని బెదిరించింది" అని రాశాను. శిక్షకురాలు అది చదివి, "మీకు కనిపించింది కోపమా, లేక నోరు తెరిచి కనుబొమలు పైకెత్తడమా?" అని అడిగారు. ఇన్నేళ్లుగా పిల్లలచేత నేను రాయించిన పరిశీలనలన్నీ ఆ క్షణంలో గుర్తుకొచ్చాయి. ఆ తరువాత, కనిపించే కదలికలకు మాత్రమే పేర్లు పెట్టి ప్రవర్తనల పట్టిక తయారు చేయించి, 1974లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ తన వ్యాసంలో వివరించిన పద్ధతుల్లో రెండింటిని మాచేత చేయించారు. ఒకే కోతిని నిర్ణీత సమయం వరకు విడవకుండా గమనించడం ఒకటి, ఐదు నిమిషాలకొకసారి గుంపులోని ప్రతి కోతీ ఏం చేస్తున్నదో నమోదు చేయడం మరొకటి. మా మొదటి నోట్సు నిండా కొట్లాటలే ఉండగా, ఈ లెక్కలో ఎక్కువ కోతులు ఊరికే కూర్చొనో, ఒకదానికొకటి పేలు చూసుకుంటూనో ఉన్నాయని తేలింది. గోల ఉన్నచోటికే మన కన్ను పోతుందని ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చూపించలేదు.

ఆదివారం తేనెటీగల ప్రయోగం మాత్రం నన్ను నిరాశపరిచింది. తేనెటీగలు రంగులను గుర్తించగలవా అని తెలుసుకునేందుకు శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ నీలిరంగు అట్టపై చక్కెరనీళ్లు పెట్టి తేనెటీగలను అలవాటు చేసి, ఆ అట్టను రకరకాల బూడిదరంగు అట్టల మధ్య ఉంచి పరీక్షించారు. ఈగలు వెలుగులోని హెచ్చుతగ్గులను మాత్రమే గుర్తించగలిగితే, అంతే వెలుగున్న ఏదో ఒక బూడిదరంగుతో నీలాన్ని పొరబడాలి, అవి పొరబడలేదు. శిక్షణలో చేయించిన ప్రయోగంలో బూడిదరంగు అట్టలు లేవు, నీలం, పసుపు మాత్రమే పెట్టారు. అట్టల స్థానాలనూ మార్చలేదు. అందువల్ల ఈగలు రంగును గుర్తుపట్టి వచ్చాయా, వెలుగులోని తేడానో చోటునో గుర్తుపట్టి వచ్చాయా అన్నది తేలనే లేదు. అడిగితే సమయం చాలదన్నారు. కానీ ఆ బూడిదరంగు అట్టల్లోనే ప్రయోగమంతా ఉంది కనుక, ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించి అయినా వాటికి సమయం కేటాయించవలసిందని నా అభిప్రాయం.

ఒక్కరోజే వీలున్న ఉపాధ్యాయులు శనివారం తప్పక వెళ్లాలని కోరుతున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పుడు బడి ఆవరణలోని గోరువంకలను ఐదు నిమిషాలకొకసారి లెక్కిస్తున్నారు; వారి పట్టికలో "కోపం" అనే గడి లేదు.