పాత బెంజి లారీలో తోలు గవర్నర్: ఏడేళ్ల వాడకం తర్వాత

గుర్రాల శక్తి ఎంత, ఛాసిస్ పొడవెంత, గేర్లెన్ని అన్నవి ఇక్కడ రాయడం లేదు. టాటా-మెర్సిడెస్-బెంజ్ 1210 పేరు చూసి ఇంతదాకా వచ్చినవాళ్లకు అవి కంఠతా వచ్చే ఉంటాయి. బండి 1968 నాటిది, బానెట్ మీద మెర్సిడెస్ గుర్తు నక్షత్రం ఉన్నది. ఏడేళ్లుగా విజయవాడలో సరుకు ఎత్తకుండా, పదిహేను రోజులకోసారి రోడ్డెక్కుతూ బతుకుతోంది. ఈ సమీక్ష అంతా దాన్లో ఒకే ఒక్క సామాను గురించి: మైకో కంపెనీ డీజిల్ పంపు వెనకాల, ఇంజనుకు డీజిల్ ఎంత పోవాలో తేల్చే గవర్నర్ డబ్బాలో బిగించిన తోలు డయాఫ్రం, అంటే తోలు పొర.

ముందు మెచ్చుకోలు. ఈ బండిని మొదటిసారి నడిపినవాళ్లు పెడల్ తొక్కి, ఇంజను బద్ధకంగా ఉందే అనుకుంటారు. ఒక గంట నడిపాక సంగతి తెలుస్తుంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలు ఎక్కడుందో అక్కడే ఉంచండి. ఎత్తు మొదలవగానే ఇంజను గొంతు కాస్త బరువెక్కుతుంది, వేగం మాత్రం పెద్దగా పడదు. డీజిల్ ఎంత కావాలో అదే తీసుకుంటుంది. ఆటోనగర్ లోపలి గుంతల్లో రెండో గేరులో వేసి పెడల్ పూర్తిగా వదిలేసినా కుదుపు లేకుండా, ముసలి ఎద్దు నడిచినట్టు నడుస్తుంది. (ఆ సర్కిల్‌కు ఆ పేరు ఈ లారీల వల్లే వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. అక్కడ ఈ బండి పోతుంటే పక్క లారీల డ్రైవర్లు హారన్ కొట్టి మరీ చూస్తారు.)

ఇదెలా పనిచేస్తుందో తెలియకపోతే దీన్ని బాగుచేయలేరు. పెడల్‌కూ పంపుకూ మధ్య ఏ రాడ్డూ లేదు. పెడల్ తిప్పేది గాలి లోపలికి పోయే మూతిలో ఉన్న బటర్‌ఫ్లై రేకును. ఆ ఇరుకు దగ్గర పుట్టే వాక్యూం ఒక సన్న పైపు గుండా పంపు వెనకున్న డబ్బాలోకి వస్తుంది. డబ్బా మధ్యలో తోలు పొర, పొరకు తగిలించిన ర్యాక్ (డీజిల్ కొలతను మార్చే కడ్డీ), వెనక ఒక స్ప్రింగు. స్ప్రింగు ర్యాక్‌ను ఎప్పుడూ ఫుల్ డీజిల్ వైపు తోస్తుంది, వాక్యూం దాన్ని స్టాప్ వైపు లాగుతుంది. పెడల్ వదిలితే బటర్‌ఫ్లై మూసుకుంటుంది, వాక్యూం పెరుగుతుంది, డీజిల్ తగ్గుతుంది. లోడు పడి ఇంజను నెమ్మదిస్తే వాక్యూం పడిపోతుంది, స్ప్రింగు గెలుస్తుంది, డీజిల్ పెరుగుతుంది. అంతే.

ఈ లెక్కలోంచే ఇంకో మాట వస్తుంది, దాన్ని మరిచిపోవద్దు: వాక్యూం ఎక్కడ కారినా ఇంజను ఆగదు, రేజ్ అవుతుంది, అంటే పెడల్ తొక్కకపోయినా వేగం పెంచుకుంటూ పోతుంది.

అందుకే ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా ఒకటే సలహా. ఇది పీకేసి మెకానికల్ గవర్నర్ ఉన్న తర్వాతి పంపు బిగించండి, పెడల్ నుంచి నేరుగా రాడ్డు వేయండి, పీడా పోతుంది అంటారు. రోజూ లోడు తోలే బండికి అది తప్పు సలహా కాదు. దాచుకునే బండికి మాత్రం తప్పే. పంపు మార్చిన రోజున బటర్‌ఫ్లై బాడీ పనికిరాని ఇనుప ముక్క అవుతుంది, దాన్ని విప్పి తుక్కులో వేస్తారు, రాడ్డు కోసం ఫైర్‌వాల్‌కు కొత్త బెజ్జం పడుతుంది. డైమ్లర్-బెంజ్‌తో టాటాల ఒప్పందం 1954 నుంచి 1969 వరకు నడిచింది. ఆ కాలపు లారీల్లో చాలావాటికి నక్షత్రం మిగిలింది, కింద పంపు మాత్రం తర్వాతి రోజులది. దానికంటే కొత్త బండికి గుజరీలో దొరికిన నక్షత్రం అతికించి పాతదని చూపించేవాళ్లూ ఉన్నారు. బండి చూడబోయినప్పుడు బానెట్ ముందు వైపు కాదు, లోపల పంపు వెనక వైపు చూడాలి.

క్యాబిన్ గురించి ఇంత పట్టింపు అక్కర్లేదు. కంపెనీ నుంచి వచ్చింది ఛాసిస్, ముందు కౌల్ (బానెట్, దాని వెనక రేకు గోడ) మాత్రమే. చెక్క, రేకు పని అంతా ఇక్కడి బాడీ బిల్డర్లది. కాబట్టి జర్మనీ బొమ్మలు చూసి క్యాబిన్ మార్చేస్తే చెరిగిపోయేది మన వడ్రంగి చేతిపని. డోరు చెక్కకు పురుగు పడితే ఆ ముక్కనే కోసి అతుకు వేయించండి, డోరు మొత్తం మార్చకండి.

ఇక ఈ గవర్నర్ పెట్టిన తిప్పలు. నాలుగో ఏడాది వర్షాకాలం అయ్యాక లక్షణం మొదలైంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఐడిలింగ్ బంగారం. 20 నిమిషాలు నడిచాక సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఊగుతుంది: లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఇంకో పది నిమిషాలకు పడడం మానేసి లేవడమే మిగిలింది. పెడల్ మీద కాలు లేదు, ఇంజను గోల పెడుతోంది. ఇంజను ఆపే స్టాప్ కేబుల్ లాగితే ఆగింది. అరగంట చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

నాజిళ్లు విప్పి చూశారు, బాగున్నాయి. ఐడిలింగ్ స్ప్రింగు స్క్రూ పావు చుట్టు తిప్పారు, ఊగడం తగ్గింది గానీ ఐడిలింగ్ పైకి పోయింది. ఆ స్క్రూ జబ్బును దాచిపెడుతుంది, నయం చేయదు. ఎంత తిప్పారో రాసుకుని మళ్లీ వెనక్కి తిప్పెయ్యాలి. తర్వాత పంపు దింపి పంపు షాపులో కాలిబ్రేషన్‌కు ఇస్తే, పరీక్ష బెంచి మీద అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. బండికి బిగిస్తే మళ్లీ అదే గోల. పంపు షాపును తిట్టుకోవడం అప్పుడు సులువే, కానీ వాళ్ల తప్పేమీ లేదు. బెంచి మీద గవర్నర్‌కు వాక్యూం ఇచ్చేది బెంచి సొంత గొట్టంతో. బండి మీదున్న పైపు పరీక్షకే రాదు.

తప్పంతా ఆ పైపుదే. ఎప్పటి రిపేరులోనో ఇనుప పైపు విరిగితే, మధ్యలో జానెడు ముక్క కోసి దాని చోట మేస్త్రీలు నీళ్ల లెవెల్ చూసే ప్లాస్టిక్ ట్యూబు తొడిగారు, క్లిప్పు కూడా లేకుండా. చల్లగా ఉన్నప్పుడు అది పైపును గట్టిగా పట్టుకుంటుంది. ఇంజను వేడికి మెత్తబడి మూతి దగ్గర వదులవుతుంది, గాలి పీలుస్తుంది. అక్కడ వెంట్రుకంత సందు చాలు. చల్లగా ఉంటే బాగుండి వేడెక్కితే రేజ్ అయ్యే ఏ పాత బెంజికైనా, పంపు మీద చెయ్యి వేయకముందు ఈ పైపు చూడండి.

గాలి ఎక్కడ పీలుస్తోందో సబ్బు నీళ్లతో తెలియదు, ఇది లోపలికి లాగే లీకు, బుడగ రాదు. చిక్కటి గ్రీజు తీసుకుని ఐడిలింగ్‌లో ఒక్కో జాయింటుకు పూయండి. ఏ జాయింటు దగ్గర ఊగడం ఆగిందో అక్కడే లీకు. సరైన మరమ్మతు: రెండు కొసలా యూనియన్ నట్లున్న (పైపును బిగించే నట్లు) ఇనుప పైపు వంచి చేయించడం. వైబ్రేషన్‌కు విరగకుండా ఒక్కచోట రెండంగుళాల దారం అల్లిన డీజిల్ హోసు, రెండు వైపులా క్లిప్పులు. యూనియన్ దగ్గర వాషర్ కొత్తది వేయాలి.

పైపు బాగుందనుకుంటే తోలును చూడాలి, డబ్బా విప్పకుండానే. ఇంజను ఆపండి. గవర్నర్ దగ్గర పైపు యూనియన్ విప్పండి. స్టాప్ లివర్‌ను పూర్తిగా స్టాప్ వైపు లాగి పట్టుకుని, యూనియన్ రంధ్రాన్ని బొటనవేలితో మూసి, లివర్ వదలండి. ర్యాక్ కొద్దిగా కదిలి నిలబడిపోవాలి. వేలు తీసినప్పుడే టక్కున వెనక్కి పోవాలి. వేలు మూసి ఉండగానే జారిపోతోందంటే తోలు కారుతోంది, లేదా అంచు బిగింపు వదులైంది. రెండు నిమిషాల పని. నెలకోసారి చేస్తే చాలు.

పైన పదిహేను రోజులకోసారి రోడ్డెక్కుతుందని రాసింది ఈ తోలు కోసమే. బండి రోజూ తిరిగిన కాలంలో పొర వేలాడుతూ, సాగుతూ మెత్తగా ఉండేది. షెడ్డులో నిలబెడితే బెజవాడ ఎండలకు రెండు వేసవుల్లో అప్పడంలా అవుతుంది. ఎండిన తోలుకు చెప్పులకు రాసినట్టు ఆముదం రాయమని పాతవాళ్లు చెబుతారు. రాసిన మరుసటి రోజే ఇంజను సన్నాయిలా పలికింది కూడా. కానీ ఏడాది తిరిగేసరికి ఆముదం జిగురు కట్టింది, దుమ్ము అంటింది, పొర ఒక పక్క బిగుసుకుపోయింది. ఇప్పుడు వాడుతున్నది తోలు పని చేసేవాళ్ల దగ్గర దొరికే పశువుల గిట్టల నూనె. పొర విప్పి రెండు వైపులా వేలితో పట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మిగిలింది తుడిచి బిగించాలి. కిరసనాయిలుతో, డీజిల్‌తో కడగొద్దు, తోలులోని జిడ్డంతా పోతుంది. పంపు ఆయిల్ మట్టం డిప్‌స్టిక్ గీత దాటి పెరుగుతోందంటే పంపులో డీజిల్ తోసే ఎలిమెంట్ల నుంచి డీజిల్ దిగుతోందని అర్థం. అది ముందు చూడకుండా కొత్త తోలు వేసినా ప్రయోజనం లేదు. రబ్బరు గుడ్డ పొరలూ దొరుకుతాయి. అవి ఎండిపోవు, కానీ వేసి చూస్తే ఐడిలింగ్‌లో ఆ మెత్తదనం రాలేదు. కొంత చెవి భ్రమ కూడా కావచ్చు.

ఎయిర్ క్లీనర్ గురించి ఒక మాట. మామూలు లారీకి ఫిల్టర్ మూసుకుపోతే నల్లపొగ వస్తుంది. దీనికి రాదు. గాలి అందకపోతే వాక్యూం పెరిగి, గవర్నర్ దానంతటది డీజిల్ కోసేస్తుంది. పొగ లేదు, చప్పుడు లేదు, లాగుడు మాత్రం లేదు. ఇబ్రహీంపట్నం వైపు బూడిద లారీల వెనక పడినా, గుంటూరు మిర్చి యార్డు దారిలో దుమ్ము తిన్నా, ఎయిర్ క్లీనర్ అడుగున నూనె ఉండే ఆయిల్ బాత్ గిన్నె దింపి చూడండి. అడుగున మడ్డి అర అంగుళం ఉంటే నూనె మార్చి, జాలీ కడగాలి. గీత దాటి నూనె పోస్తే ఇంజను దాన్ని పీల్చుకుంటుంది.

మొదట్లో రాసిన పొగడ్తను ఇక్కడ కాస్త సవరించాలి. ఎత్తు మీద ఇంత హాయిగా ఎక్కే బండి, అదే ఎత్తు మీద గేరులో ఉండి వెనక్కి జారితే ప్రమాదం. ఇంజను ఉల్టా తిరగడం మొదలైతే పొగ సైలెన్సర్‌లోంచి కాక ఎయిర్ క్లీనర్‌లోంచి వస్తుంది. వాక్యూం బదులు పైపులోకి ఒత్తిడి వెళ్తుంది, ర్యాక్ ఫుల్ డీజిల్‌కు పోతుంది. ఆయిల్ పంపు కూడా ఉల్టా తిరుగుతుంది కాబట్టి బేరింగులకు ఆయిల్ ఉండదు. వెంటనే స్టాప్ లాగాలి. కేబుల్ తెగి ఉంటే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజను చంపాలి. ట్యాంకు కాక్ మూస్తే వెంటనే ఆగదు, లైనులో ఉన్న డీజిల్ చాలు దానికి. ఉల్టా కాక, వాక్యూం కారి మామూలుగా రేజ్ అయినప్పుడైతే గాలి మూతికి చెక్క పలక అడ్డం పెట్టొచ్చు, గోనెసంచి మాత్రం వద్దు, లోపలికి లాగేస్తుంది. ఏ మరమ్మతు వాయిదా వేసినా, స్టాప్ కేబుల్‌ను మాత్రం బండి తీసే ప్రతిసారీ ఒకసారి లాగి చూడాల్సిందే.

కాగితాల సంగతి ఆశించినంత సాఫీ కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు 50 ఏళ్లు దాటిన, సొంత వాడకంలో ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్ల కోసం. నంబరులో వీఏ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప రోజువారీ తిరుగుడు కుదరదు. వెనక జోడు చక్రాల సరుకు లారీని మనసులో పెట్టుకుని రాసినవి కావు అవి. లారీ కొనేముందు ఆర్టీఏ ఆఫీసులో పాత ఆర్‌సీ చూపించి ఏ దారి ఉందో అడగండి, కొన్నాక కాదు.

ఈ గవర్నర్ ఉంచుకోవాలా అంటే: ఆటోనగర్ పది నిమిషాల దూరంలో ఉండి, పంపు విప్పగల చెయ్యి తెలిసి, బండి మీద లోడు వేయనివాళ్లు ఉంచుకోండి. దూరాభారం ఊళ్లో ఒంటరిగా ఉండి, బండి మీద నాలుగు రూపాయలు కూడా రావాలనుకుంటే మెకానికల్ పంపు వేయించండి, ఎవరూ తప్పు పట్టరు. అప్పుడు కూడా విప్పిన పంపు, బటర్‌ఫ్లై బాడీ, ఆ వాక్యూం పైపు తుక్కువాడికి ఇవ్వకండి. మూతులకు చెక్క బిరడాలు కొట్టి, లోపల నూనె పోసి, బండి నంబరు, విప్పిన తేదీ రాసిన రేకు చీటీ తీగతో కట్టి, సీటు కింద పెట్టె అడుగున పడేయండి. తోలు పొరను మాత్రం పంపులో వదలొద్దు. విడిగా తీసి, నూనె పట్టించి, గుడ్డలో చుట్టి పెట్టండి.