నల్లమల కార్చిచ్చును గీయాలంటే: కేతవరం, బేతంచెర్ల, బైర్లూటి

నల్లమలలో మంట చెట్ల కొసల మీద ఎగరదు. ఇది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీది ఎండుటాకు, గడ్డి అంటుకుని, చాలాచోట్ల సన్నటి గీతలా పాకుతూ పోతుంది. ఆస్ట్రేలియా యూకలిప్టస్ అడవుల ఫొటోలు చూసి కాన్వాసంతా నారింజ రంగు పూస్తే అది నల్లమల కాదు. ఆ దేశం నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. ఆదివాసీ చిత్రకారుడు క్లిఫర్డ్ పాసమ్ 1977 నాటి 'వార్లుగులాంగ్'లో కార్చిచ్చును పైనుంచి చూసిన నేలగా, దారులుగా వేశాడు.

ఆ చూపుకు బైర్లూటి సరైన చోటు. ఆత్మకూరు–దోర్నాల దారిలో ఉంది, 2022 నుంచి నంద్యాల జిల్లా. అటవీ శాఖ క్యాంపులో కాటేజీలు, టెంట్లు ఉన్నాయి. ఎండల్లో కాటేజీయే మేలు. సఫారీ కన్నా చెంచు గైడుతో నడకే చిత్రకారులకు ఎక్కువ పనికొస్తుంది. ఫైర్ లైన్లు చూపించమనండి: ఎండలు ముదరక ముందే పట్టీలా గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మంట దాటకుండా ఖాళీ చేసిన నేల అది. అడవికి కాపలా ఉండే చెంచులను విల్లు పట్టి నిలబడమని మాత్రం అడగకండి. రాత్రి ఆ రోడ్డు మూసేస్తారు, చీకటి పడకముందే చేరుకోండి. జులై–సెప్టెంబరులో సఫారీ ఉండదు. టైగర్ రిజర్వులోంచి కాలిన కొమ్మ కూడా తేకూడదు. గీయడానికి కావాల్సిన బొగ్గు ఇంటి దగ్గరే చేసుకోండి.

మంటకు కావాల్సిన ఎరుపును చూడాలంటే, ఓర్వకల్లు దగ్గరి కేతవరంలో రాతి మీద ఆదిమానవుల ఎర్ర బొమ్మలున్నాయి. బస కర్నూలులోనే పెట్టుకోండి, నీళ్లు మోసుకెళ్లండి, ఊరివాళ్లను తోడు తీసుకోండి. నేరుగా ఎండ పడితే రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, నీడలో చూడాలి. బాగా కనబడాలని నీళ్లు చల్లడం ఘోరం: లవణాలు పైకి వచ్చి తెల్లపొర కడుతుంది.

బేతంచెర్లలో బసకు పెద్దగా ఏమీ లేదు, కానీ యెల్లో ఓకర్ (రంగుకు వాడే పసుపు మట్టి) ఆ ప్రాంతపు ఖనిజమే. దాన్ని నూరి, గుడ్డలో జల్లించి, ఇనుప మూకుడులో కలుపుతూ వేయించండి. దాదాపు 300 డిగ్రీల దగ్గర నీరు పోయి, పసుపు ఎరుపవుతుంది. పొయ్యి వేడి చాలకపోతే గోధుమరంగు దగ్గరే ఆగిపోతుంది. ఒక వంతు తుమ్మబంక రెండు వంతుల నీళ్లలో రాత్రంతా నాననిచ్చి కలపండి. బంక తగ్గితే రంగు పొడిగా రాలుతుంది, ఎక్కువైతే పగుళ్లిస్తుంది. రెండు చుక్కల తేనె వేస్తే పగుళ్లు తగ్గుతాయి. కాగితం 300 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు 300 గ్రాముల మందానికి) తగ్గకూడదు. ముందు ఈ ఎరుపు, అది ఆరాకే బొగ్గు. తడి మీద రుద్దితే రెండూ కలిసి మురికవుతాయి.